పంతులమ్మ పీపా

ఎండాకాలంలో మా వీధికి నాలుగు రోజులకోసారి నీళ్ల ట్యాంకరు వస్తుంది. ఆ రోజు తెల్లారకముందే అందరి వాకిళ్లలో నీలం రంగు డ్రమ్ములు బారులు తీరి ఉంటాయి. అనంతపురం జిల్లా ఆడవాళ్లకు ఇదేం కొత్త సంగతి కాదు లెండి! మనకు బిందెడు నీళ్లంటే బిందెడు బంగారమే.

మొన్న వేసవిలో ఒకరోజు డ్రమ్ము కడిగి వాకిట్లో పెట్టి, పొయ్యి మీద పాలు పొంగుతాయని లోపలికెళ్లాను. తిరిగొచ్చేసరికి డ్రమ్ము మీద మూత వేసి ఉంది. లోపల్నుంచి కిసకిసమని నవ్వు! మా చిన్నాడు అందులో దూరి కూర్చున్నాడు. నా గుండె గుభేలుమంది. చెయ్యి పట్టి బయటికి లాగి వీపు మీద ఒకటిచ్చాను. వాడు ఏడుస్తూనే చెప్పాడు, టీవీలో చూశాడట. ఎవరో ఒకావిడ ఇట్లాగే పీపాలో కూర్చుని నయాగరా జలపాతం మీంచి కిందకు పడిందట, ఏమీ కాలేదట.

రాత్రి అన్నాల దగ్గర ఈ సంగతి చెబితే, ఎవడో సర్కస్ వాడై ఉంటాడని తేల్చేశారు మావారు. సర్కస్ వాడు కాదు, ముసలావిడ అని మావాడు పట్టు పట్టాడు. నాకూ నమ్మబుద్ధి కాలేదు. కానీ తర్వాత ఆవిడ గురించి దొరికినవన్నీ చదివాక తెలిసింది, మావాడి మాటే నిజమని! ఆవిడ పేరు ఆనీ ఎడ్సన్ టేలర్. నయాగరా మీంచి పీపాలో పడి ప్రాణాలతో బయటపడిన మొట్టమొదటి మనిషి. మగవాళ్లలో కూడా అంతకుముందు ఎవరూ లేరు. ఆ రోజు ఆవిడకు నిండా అరవై మూడేళ్లు. చేసిన ఉద్యోగమేమిటో తెలుసా? పంతులమ్మ!

చదువుకున్న పిల్ల

ఆనీ 1838 అక్టోబరు 24న అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని ఆబర్న్ అనే ఊళ్లో పుట్టింది. ఎనిమిది మంది సంతానంలో ఒకతె. తండ్రికి పిండిమర ఉండేది. ఆనీకి పన్నెండేళ్లప్పుడు ఆయన పోయాడు. అయితే ఆయన మిగిల్చి వెళ్లిన డబ్బుతో ఆ కుటుంబానికి తిండికీ బట్టకీ లోటు రాలేదు.

ఆ రోజుల్లో ఆడపిల్ల చదువుకుంటే టీచరు కావాల్సిందే, ఇంకో దారి ఉండేది కాదు. ఆనీ కూడా ఉపాధ్యాయ శిక్షణ తీసుకుంది. చదువుకునేటప్పుడే డేవిడ్ టేలర్ అనే అతను పరిచయమయ్యాడు. పెళ్లయింది. ఒక కొడుకు పుట్టాడు. ఆ పసిగుడ్డు ఎన్నాళ్లో బతకలేదు. కొన్నాళ్లకే భర్త కూడా పోయాడు. అక్కడితో ఆవిడ సంసారం ముగిసింది. తర్వాత మళ్లీ పెళ్లి చేసుకోలేదు.

ఇక అప్పట్నుంచీ ఆవిడది ఒంటరి బతుకు. ఊరు మార్చి ఊరు, ఉద్యోగం మార్చి ఉద్యోగం. టెక్సాస్‌లోని సాన్ ఆంటోనియోలో ఉంది. మిచిగాన్ రాష్ట్రంలోని బే సిటీలో పెద్దింటి పిల్లలకు నాట్యం నేర్పే బడి పెట్టింది. 1900లో సూ సెయింట్ మరీ అనే ఊరికెళ్లి సంగీతం చెప్పింది. పని వెతుక్కుంటూ మెక్సికో నగరం దాకా వెళ్లింది. ఎక్కడా నిలదొక్కుకోలేక మళ్లీ బే సిటీకే వచ్చి చేరింది.

ఇది చదువుతున్నంతసేపూ నాకు మా మేనత్త కళ్లముందు మెదిలింది. అత్త కూడా చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుంది. పల్లెలో చిన్న ప్రైవేటు బడిలో పాతికేళ్లు అఆలు దిద్దించింది. పింఛను లేని ఉద్యోగం. బడి మూతపడ్డాక అప్పడాలు ఒత్తింది, చెనిక్కాయలు ఒలిచే కూలికి కూడా వెళ్లింది. అన్నదమ్ములు రమ్మంటే నాలుగు రోజులుండి, మళ్లీ తన గదికి తను వెళ్లిపోయేది. ఎవరికీ బరువు కాకూడదన్నదే ఆవిడ పంతం.

ఆనీ పంతమూ అదే. పుట్టిన దగ్గర్నుంచీ నలుగురిలో గౌరవంగా బతికిన మనిషి. బట్టలు నలగకూడదు, మాట తూలకూడదు. కానీ వయసు అరవై దాటుతోంది. చేతిలో డబ్బు అయిపోతోంది. నాట్యం నేర్పడానికి ముసలి టీచరు ఎవరికి కావాలి? అప్పటి అమెరికాలో ఇప్పటిలాంటి వృద్ధాప్య భద్రత లేదు. దేశం మొత్తానికీ అలాంటి చట్టం వచ్చింది 1935లో. అంతవరకూ దిక్కులేని ముసలివాళ్లకు మిగిలింది బీదల ఆశ్రమమే. ఆనీకి చావంటే ఉన్న భయం కన్నా ఆ ఆశ్రమమంటే ఉన్న భయమే పెద్దది.

ఆలోచన వచ్చిన రోజు

1901లో నయాగరాకు దగ్గర్లో ఉన్న బఫెలో నగరంలో బ్రహ్మాండమైన ఎగ్జిబిషన్ పెట్టారు. మే నుంచి నవంబరు మొదటి వారం వరకూ. దాని గురించి పేపర్లో చదివింది ఆనీ. దేశంలోని జనమంతా అక్కడికే వెళ్తున్నారు, వెళ్లినవాళ్లంతా జలపాతం చూడకుండా తిరిగి రారు. ఇంతమంది కళ్లముందు ఇంతవరకూ ఎవరూ చేయని పని చేసి చూపిస్తే? ఒక్క రోజులో పేరు వస్తుంది, పేరుతో డబ్బు వస్తుంది, డబ్బుతో ముసలితనం ఒడ్డున పడుతుంది!

నయాగరా దగ్గర సాహసాలు అప్పటికే కొత్త కాదు. 1859లో బ్లాండిన్ అనే ఆయన అక్కడి లోయకు అడ్డంగా కట్టిన తాడు మీద నడిచాడు. 1876లో మరియా స్పెల్టరీనా అనే ఇటలీ అమ్మాయి కూడా నడిచింది. జలపాతానికి దిగువన సుడులు తిరిగే ప్రవాహంలో పీపాలో కొట్టుకుపోయి బయటపడినవాళ్లూ ఉన్నారు. కానీ ఏకంగా జలపాతం మీంచే పడటం? ఆ ఊసు ఎత్తినవాళ్లున్నారేమో గానీ, చేసి బతికినవాళ్లు లేరు. ఆ ఏడాది సెప్టెంబరులోనే మాడ్ విల్లార్డ్ అనే నటి ఆ సుడుల్లో పీపాలో చిక్కుకుని, గంటల తరబడి బయటపడలేక, గాలి ఆడక ప్రాణం విడిచింది. అది జరిగి ఏడు వారాలు కూడా కాలేదు. అయినా ఆనీ మనసు మార్చుకోలేదు.

మన కోడి రామ్మూర్తి నాయుడుగారిలాగా చిన్నప్పట్నుంచీ కసరత్తు చేసిన ఒళ్లు కాదు ఆవిడది. ఈత, సర్కస్, ఏవీ తెలియవు. తెలిసిందల్లా లెక్కలు వేయడం. పీపా ఎలా ఉండాలో తనే ఆలోచించింది. ఓక్ చెక్క, చుట్టూ ఇనుప పట్టీలు. ఎత్తు సుమారు నాలుగున్నర అడుగులు. లోపల దెబ్బ తగలకుండా పరుపు. నీళ్లలో తలకిందులు కాకుండా నిటారుగా తేలడానికి అడుగున బరువుగా ఒక దాగలి, అదేనండీ, కమ్మరి కొలిమిలో ఇనుము పెట్టి సాగగొట్టే దిమ్మ. ఊపిరి కోసం సైకిలు పంపుతో లోపలికి గాలి కొట్టి, ఆ చిల్లిని బిరడాతో మూసేయాలి. ఇదీ ఏర్పాటు!

ప్రచారం చూసుకోవడానికి ఫ్రాంక్ రస్సెల్ అనే మేనేజరును పెట్టుకుంది. సంతల్లో, జాతరల్లో వినోదాలు నడిపించే మనిషి అతను. పత్రికల వాళ్లకు ఆవిడ వయసు నలభై మూడని చెప్పుకున్నారు. ఇరవై ఏళ్లు కోత! నవ్వొస్తుంది కదూ? కానీ ఎందుకు తగ్గించుకుందో మనకు తెలియదా? అరవై మూడేళ్ల విధవరాలి సాహసం చూడ్డానికి టిక్కెట్టు ఎవరు కొంటారు?

ఆ ఇరవై నిమిషాలు

అనంతపురంలో ఉండి నయాగరాను ఊహించుకోవడం కష్టమే. నేను చూసిన పెద్ద జలపాతం తలకోన. అది 270 అడుగుల ఎత్తు. నయాగరాలో ఆనీ పడిన గుర్రపు లాడం ఆకారపు జలపాతం దానికన్నా పొట్టిదే, సుమారు 170 అడుగులు. కానీ తలకోనలో నీళ్లు దారంలా జారతాయి. నయాగరాలో నది నదే విరిగి పడుతుంది. ఈనాటికీ పర్యాటకులు వచ్చే కాలంలో పగటిపూట సెకనుకు లక్ష ఘనపుటడుగులు తగ్గకుండా వదలాలని అమెరికా, కెనడాల మధ్య 1950లో ఒప్పందం ఉంది. అంటే లక్ష క్యూసెక్కులు. మూడు గంటలు తిరక్కుండానే ఒక టీఎంసీ! ఒక్కో టీఎంసీ కోసం మన దగ్గర ఎన్ని ధర్నాలో, ఎన్ని పాదయాత్రలో తలచుకుంటే ఆ నీళ్లెన్నో మనకు అర్థమవుతుంది.

1901 అక్టోబరు 24. ఆవిడ పుట్టినరోజు. ముందుగా ఒక పిల్లిని ఆ పీపాలో పెట్టి పంపి చూశారని చెప్పుకుంటారు. పడవవాళ్లు మొదట జంకారు. తెలిసి తెలిసి ఒకావిడ ఆత్మహత్యకు చేయి అందించినట్టే కదా అని వాళ్ల భయం. చివరికి ఎలాగో ఒప్పుకున్నారు. పడవ నది మధ్యకు వెళ్లింది. ఆనీ పీపాలోకి దిగింది. గుండె ఆకారంలో ఉన్న తన కలిసొచ్చే దిండును వెంట ఉంచుకుంది. తోలు పట్టీలతో ఒంటిని బిగించుకుంది. మూత పడింది. పంపుతో గాలి కొట్టారు. బిరడా బిగించారు. సాయంత్రం నాలుగు దాటాక తాడు వదిలేశారు.

ఆ చీకట్లో ఆవిడ ఏం తలచుకుని ఉంటుంది? పసిబిడ్డనా? భర్తనా? బియ్యం డబ్బాలో అడుగంటిన బియ్యం చూసుకున్నట్టు, పెట్టెలో మిగిలిన నాలుగు డాలర్లనా? నేనైతే మూడోదే అనుకుంటాను.

ఒడ్డున వేల కళ్లు చూస్తుండగా పీపా రాళ్ల మధ్య ఎగిరెగిరి పడుతూ అంచుకు వచ్చింది. మరుక్షణం కనిపించలేదు. కిందనున్న తెల్లటి నురగలో కాసేపటికి పైకి తేలింది. తాడు వదిలిన దగ్గర్నుంచి ఇదంతా ఇరవై నిమిషాల లోపే. కెనడా వైపు ఒడ్డుకు లాగారు. మూత రాకపోతే రంపంతో కోశారు. ఆనీ బతికే ఉంది! తల మీద ఒక గాయం తప్ప ఎముక కూడా విరగలేదు. మనుషులు పట్టుకోగా తన కాళ్ల మీద తనే నడిచి వచ్చింది.

తర్వాత పత్రికల వాళ్లతో ఆవిడ చెప్పిన మాట ఏమిటంటే, ఇలాంటి పని ఇంకెవ్వరూ చేయొద్దని. మళ్లీ దీనిలోకి దిగేకన్నా ఫిరంగి నోటి ముందు నిలబడటం నయమని. ధైర్యసాహసాల గురించి పెద్ద పెద్ద మాటలు ఆవిడ నోట రాలేదు.

అసలు జలపాతం

కథ ఇక్కడ ఆగిపోతే ఎంత బాగుండు! సినిమా అయితే శుభం కార్డు పడేది. కానీ ఆనీ అసలు పడిపోయింది ఈ తర్వాతే.

ఎగ్జిబిషన్ అప్పటికి ఇంక తొమ్మిది రోజులే ఉంది. నవంబరు 2న మూసేశారు. పైగా సెప్టెంబరులో అదే ఎగ్జిబిషన్‌లో అమెరికా అధ్యక్షుడు మెకిన్లీ మీద కాల్పులు జరిగి, ఎనిమిది రోజులకు ఆయన చనిపోయాడు. దేశమంతా ఆ దుఃఖంలో ఉంది. ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చి సంపాదిద్దామనుకుంది ఆనీ. జనం వచ్చారు. వేదిక మీద చూస్తే ఒక లావుపాటి పెద్దావిడ, నల్లగౌను, పెద్ద టోపీ, బడిలో పాఠం చెప్పినట్టు మాటలు. వాళ్లు ఊహించుకున్నది పడుచు సాహసిని. ఉస్సూరుమన్నారు. చేసిన పని అదే, చేసిన మనిషి అదే. వయసు మాత్రం వాళ్లకు నచ్చలేదు!

అంతలో ఇంకో దెబ్బ. మేనేజరు రస్సెల్ ఆవిడ పీపా తీసుకుని ఉడాయించాడు. ఆవిడ బతుకుతెరువంతా ఆ పీపాలోనే ఉంది కదా. దాన్ని వెతికించడానికి ప్రైవేటు డిటెక్టివులను పెట్టింది. సంపాదించిన కాస్తలో చాలా భాగం వాళ్లకే పోయింది. చివరికి షికాగోలో దొరికింది. కానీ కొన్నాళ్లకు మళ్లీ మాయమైంది. ఈసారి శాశ్వతంగా.

నయాగరా అంత నదీ ఆవిడ చేతిలోంచి లాక్కోలేకపోయిన పీపాను, నమ్మి పక్కన పెట్టుకున్న మనిషి లాక్కుపోయాడు! ఇక్కడ నేను పుస్తకం మూసేసి కాసేపు కూర్చుండిపోయాను. మా అత్త జీతంలో మిగిల్చుకున్న డబ్బు, మెళ్లో గొలుసు అమ్మిన డబ్బు కలిపి దగ్గరి బంధువు ఒకాయన చేతికిచ్చింది, ఆయనే చీటీ కట్టి చూసుకుంటానంటే. ఆడదానివి, నీకెందుకీ తిరుగుళ్లన్నాడు. చీటీ పుస్తకం ఆయన పేరు మీదే ఉంది. ఆ తర్వాత ఏమైందో చెప్పక్కర్లేదు. అత్త ఆయన్ని ఒక్క మాట అనలేదు. అనలేకపోయింది.

వీధి చివర బల్ల

ఆ తర్వాత ఇరవై ఏళ్ల దాకా ఆనీ నయాగరా ఊళ్లోనే ఉంది. వీధిలో ఒక బల్ల, పక్కన ఒక నకలు పీపా. వచ్చేపోయే యాత్రికులతో ఫొటోలు దిగింది. తన ఫొటోలున్న కార్డులూ, తన సాహసం గురించి తనే రాసుకున్న చిన్న పుస్తకమూ అమ్మింది. నవల రాయబోయింది. జోస్యం చెప్పింది. అయస్కాంత చికిత్సలు చేసింది. ఇంకోసారి దూకుతానని కూడా అన్నది, కానీ ఆ పని జరగలేదు. ఎన్ని చేసినా చిల్లర డబ్బులే. బిచ్చం మాత్రం ఎత్తలేదు.

ఆవిడ కళ్లముందే మరో విచిత్రం జరిగింది. 1911లో బాబీ లీచ్ అనే ఆయన ఇనుప పీపాలో అదే జలపాతం మీంచి పడ్డాడు. రెండు మోకాలి చిప్పలూ, దవడా విరిగాయి. ఆర్నెల్లు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆవిడకన్నా పదేళ్లు ఆలస్యంగా, ఆవిడకన్నా ఎక్కువ దెబ్బలతో! అయినా ఆ తర్వాత ఏళ్ల తరబడి దేశదేశాలు తిరిగి ప్రదర్శనలిచ్చాడు. చివరికి 1926లో న్యూజిలాండ్‌లో నారింజ తొక్క మీద జారిపడి, ఆ గాయం ముదిరి పోయాడు. 1920లో చార్లెస్ స్టీఫెన్స్ అనే ఇంగ్లాండు మంగలి ఎవరి మాటా వినకుండా దాగలిని తన కాళ్లకే కట్టుకుని పడ్డాడు. ఆయనది ఒక చెయ్యి మాత్రమే దొరికింది. ఆ ఇద్దరినీ చూశాక గానీ పంతులమ్మ వేసుకున్న లెక్క ఎంత సరైనదో అర్థం కాదు. ఇప్పుడు అక్కడ ఇలాంటి పనులు చేస్తే రెండు దేశాల్లోనూ నేరమే.

ఆనీ 1921 ఏప్రిల్ 29న, లాక్‌పోర్ట్ అనే ఊళ్లో, బీదసాదల కోసం జిల్లావాళ్లు నడిపే వైద్యశాలలో కన్నుమూసింది. ఎనభై రెండేళ్లు. ఏ చోటికి చేరకూడదని జలపాతం మీంచి పడిందో, చివరికి ఆ చోటికే చేరింది. అంత్యక్రియల ఖర్చుకు జనం చందాలు వేసుకున్నారు. నయాగరా ఊళ్లో ఓక్‌వుడ్ శ్మశానంలో, సాహసాలు చేసినవాళ్లకని ఉన్న చోట ఆవిడ సమాధి ఉంది. ఆ జలపాతం మీంచి పీపాలో పడి బతికిన తొలి మనిషి అని రాతి మీద చెక్కారు. బతికుండగా పదిమంది చేతులు కలిపి ఉంటే ఆ ముసలి ప్రాణం ఇంకెంత సుఖపడేదో!

మొన్న అత్త మా ఇంటికొచ్చింది. ఇప్పుడు ఆవిడకు ప్రభుత్వం పింఛనిస్తోంది. ఒకటో తారీఖు కోసం పిల్లలు పండక్కి ఎదురు చూసినట్టు చూస్తుంది. చెనిక్కాయలు ఒలుస్తూ ఆనీ కథంతా చెప్పాను. జలపాతం దగ్గర అత్త అమ్మో అనలేదు. పిల్లి దగ్గర నవ్వలేదు. అంతా విని ఒకే ఒక్కటి అడిగింది, ఆ పీపా కాగితాలు ఎవరి పేరు మీద ఉండినాయని.

నా దగ్గర జవాబు లేదు. మర్నాడు పొద్దున నేనే అత్తను బ్యాంకుకు తీసుకెళ్లాను. అత్త పేరు మీద, అత్త సంతకంతో, అత్త చేతికే ఒక పుస్తకం ఇప్పించాను. మొదట వేసింది అయిదు వందలే. ఇంటికొచ్చే దారిలో అత్త దాన్ని మూడుసార్లు తెరిచి చూసుకుంది. పాతికేళ్లు పిల్లలకు అక్షరాలు దిద్దించిన ఆ కళ్లు, తన పేరు అచ్చులో ఎలా ఉంటుందో అప్పుడే చూస్తున్నట్టు చూశాయి.

మేం ఇల్లు చేరేసరికి వీధి మలుపులో ట్యాంకరు హారన్ వినిపించింది. పుస్తకాన్ని జాకెట్లో దోపుకుని, నాకన్నా ముందు అత్తే డ్రమ్ము దగ్గరికి నడిచింది.